సంబంధం అన్న గడిలో

మూంటా,
3 మార్చి 2014

లియాన్‌కి,

మీ గ్వెండా అత్త ముద్దులతో రాస్తున్నాను. నీ ఉత్తరం శుక్రవారం అందింది. మౌంట్ గాంబియర్‌లో ముద్ర పడింది మంగళవారం. నా హయాంలో అయితే గురువారం మధ్యాహ్నానికే చేతిలో ఉండేది. ముప్ఫై ఆరేళ్ళు ఈ ఊరి పోస్టాఫీసు నడిపినదాన్ని, ఈ మాత్రం గొణుక్కునే హక్కు నాకుంది. ఫోన్ చెయ్యమంటావు. చేస్తే నువ్వు చెప్పేది సగం వినబడదు, వినబడిన సగానికి తప్పు జవాబు చెప్తాను. ఉత్తరమే నయం. తప్పు జవాబైనా ఆలోచించి చెప్తాను.

మీ నాన్న వ్యవహారం ఇన్నాళ్ళకి తేలిందన్న మాట. రెండేళ్ళు! హోవర్డ్ చిన్నప్పటినుంచీ అంతే, ఒక్క కాగితం కుదురుగా పెట్టి ఎరగడు. వీలునామా లేదు సరే, రిటైర్మెంట్ నిధి కాగితంలో ఇంకా మీ అమ్మ పేరే ఉందని రాశావు చూడు, నవ్వాలో ఏడవాలో తెలీలేదు. విడాకులై పాతికేళ్ళు దాటిన మనిషి! అన్ని తిప్పలూ పడి చివరికి నీ చేతికొచ్చిన దాంట్లో దాదాపు ఆరో వంతు పన్నుకి పోయిందంటే, మా అన్నయ్యని లేపి నాలుగు తిట్టాలనిపించింది.

అందుకే నేనూ వీలునామా రాద్దామనుకుంటున్నాను. డెబ్బై ఏడొచ్చాయి. వచ్చే నెల పదిహేనున వాలరూ ఆస్పత్రిలో ఆపరేషన్ ఉంది. తిరిగొస్తే సరే. లేకపోతే నువ్వు మళ్ళీ కాళ్ళరిగేలా తిరగకూడదు. వీలునామా అమలు చేసే మనిషిగా నీ పేరు పెడతాను, కాదనకు. నాకున్నవి ఈ ఇల్లు, నా రిటైర్మెంట్ నిధి, నాలుగు కుర్చీలు. ఏది ఎలా రాయాలో నువ్వే చెప్పు. కలప మిల్లులో అందరి జీతాల లెక్కలూ చూసేదానివి, ఈ ఫారాల భాష నీకొచ్చు.

ఈ ఏడు పీతలు బాగా పడుతున్నాయి. నిన్న ఎల్వా మోకాలి లోతు నీళ్ళలో రెండు గంటలు తిరిగి పదకొండు పట్టింది. డెబ్బై మూడేళ్ళ మనిషి! బొటనవేలు కొరికించుకుని వచ్చి, అన్నిట్లోకీ పెద్దదాన్ని ఎత్తి చూపించి, "ఇది మీ లియాన్‌కి సరిపోయేది" అంది. ఎప్పుడొస్తావు?

నీ
గ్వెండా అత్త

*

మౌంట్ గాంబియర్,
19 మార్చి 2014

అత్తయ్యా,

ఆపరేషనా? ఏం ఆపరేషన్? "తిరిగొస్తే సరే" అని ఒక్క ముక్క రాసేసి పీతల దగ్గరికి వెళ్ళిపోతావా? నాన్న కూడా "చిన్న పరీక్ష, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటా" అన్నాడు. ఫోన్ చేశాను, నాలుగు సార్లు. నువ్వు ఎత్తలేదు. దేనికి, ఎంత ప్రమాదమో వెంటనే రాయి.

ఈలోగా నాకు తెలిసింది చెప్తాను. మర్యాదలు ఆలోచించే టైము లేదు కాబట్టి సూటిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మన దేశంలో వారసత్వపు పన్ను లేదని అందరూ గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటారు. నిజమే, ఆ పేరుతో లేదు. కానీ రిటైర్మెంట్ నిధి వీలునామా కిందికి రాదు, దానికి వేరే కాగితం. ఎవరికి చెందాలో ఆ నిధి వాళ్ళకే ఫారం నింపి పంపాలి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి, మూడేళ్ళకోసారి మళ్ళీ కొత్తగా నింపాలి. నాన్న చెయ్యనిది అదే. నీకు భర్తా పిల్లలూ లేరు కనుక నీ సొమ్ము ఎవరికి చేరినా మధ్యలో పన్ను కొంత కొరుక్కుతింటుంది. ఫారం తెప్పించి ఇందులో పెడుతున్నాను.

రెండో సంగతి ఎల్వా గారు. మా మిల్లులో ఒకాయన మేనమామ పోతే, ఇంట్లో పాతికేళ్ళుగా అద్దెకున్న మనిషి సగం ఇల్లు నాదేనని కోర్టుకెక్కాడు. మూడేళ్ళు నడిచింది, ఇల్లంతా వకీళ్ళ పాలైంది. ఆవిడ అలాంటిదని నేననడం లేదు. కానీ ఆవిడ వైపు చుట్టాలు ఎలాంటివాళ్ళో మనకేం తెలుసు? వీలునామా రాసే ముందు, ఈ ఇంటి మీద తనకే హక్కూ లేదని ఆవిడ చేత ఒక కాగితం రాయించుకో. అద్దె తీసుకుంటున్నావా? రసీదులున్నాయా? నువ్వు పోయాక ఎన్నాళ్ళలో ఖాళీ చెయ్యాలో అది కూడా ముందే రాసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నాకు నీ ఇల్లూ వద్దు, సొమ్మూ వద్దు. నువ్వు బాగుంటే చాలు. వెంటనే జవాబు రాయి.

నీ
లియాన్

*

మూంటా,
28 మార్చి 2014

లియాన్‌కి,

నా ఆపరేషన్ కంటికి. శుక్లం. అరగంట పని. సగం ఊరు చేయించుకుంది.

ఆ కంటి వల్ల చిన్న అక్షరాలు నాకు కనబడి ఏడాదైంది. నేను రాసేది లావు పెన్నుతో. నాకొచ్చే ఉత్తరాలు చదివి వినిపించేది ఎల్వా. నీ ఉత్తరం కూడా తనే చదివింది. సోమవారం, టీ తాగుతూ. మొదటినుంచి చివరిదాకా ఒకే గొంతుతో చదివింది. రసీదుల దగ్గర ఆగలేదు, ఖాళీ చెయ్యడం దగ్గరా ఆగలేదు. "నీ లియాన్" అని కూడా చదివి, మడిచి కవర్లో పెట్టింది. "ఆ కాగితం ఎలా రాయాలో నమూనా ఏమీ పంపలేదే" అంది. తర్వాత బంగాళాదుంపలు చెక్కు తీసుకుంది.

నిన్న గురువారం. నేను సరుకులకి వెళ్ళొచ్చేసరికి టేబులు మీద వెన్న గిన్నె కింద కాగితం ఉంది. భూతద్దం పెట్టి చదువుకున్నాను. "ఎల్వా షిర్మర్ అనే నేను ఈ ఇంట్లో అద్దెకున్నదాన్ని. ఈ ఇంటి మీద గాని ఇందులోని వస్తువుల మీద గాని నాకే హక్కూ లేదు." సంతకం, తేదీ. పొద్దున్న బస్సుకి నారకూర్ట్‌లో ఉన్న అన్న ఓటో దగ్గరికి వెళ్ళిపోయింది. ఒకే ఒక్క పెట్టె.

నువ్వు అడిగిన కాగితం ఇదిగో, పంపుతున్నాను. నీ వ్యవహారం తేలిపోయింది. ఇక ఇల్లు నీకు ఏ గొడవా లేకుండా వస్తుంది.

గ్వెండా

*

మౌంట్ గాంబియర్,
3 ఏప్రిల్ 2014

అత్తయ్యా,

నీ ఉత్తరం మిల్లులో చదివాను. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకోవాల్సి వచ్చింది.

నాదే తప్పు. నాన్న పోయిన దగ్గరనుంచి ఆస్పత్రి అన్న మాట వింటే నాకు మతి ఉండదు. ఆ భయంలో మనిషిని చూడలేదు, కాగితాల్నే చూశాను. ఎల్వా గారు నాకు సైకిలు నేర్పింది, నేను మర్చిపోలేదు. చిన్నప్పుడు ఎల్వా ఆంటీ అనేదాన్ని. నాన్న "చుట్టం కాని మనిషిని ఆంటీ అనకు" అంటే మానేశాను. ఆవిడ రాసిన కాగితం తిప్పి పంపుతున్నాను. చింపెయ్యి.

కానీ అత్తా, ఇల్లు నాకు ఏ గొడవా లేకుండా వస్తుందన్నావే, ఆ మాట నాకు తగలాలనే రాశావు. తగిలింది. నాకు నా ఇల్లుంది, అప్పు కూడా తీరిపోయింది. నీ గోడలు నేనేం చేసుకుంటాను?

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకు. ఆవిడ నా ఉత్తరం చదువుతున్నంతసేపూ నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా. ఆ తర్వాత మూడు రోజులు కూడా ఉన్నావు. "ఆ పిల్ల కూతలు పట్టించుకోకు, నువ్వు అద్దెకున్నదానివి కాదు" అని నువ్వు ఒక్క మాట అన్నావా?

అద్దెకుందని నాకు చెప్పిందెవరు? నాయనమ్మకి చెప్పిందెవరు? మా ఇంట్లో ఎవరు అడిగినా "మా ఇంట్లో గది తీసుకుంది" అనేదానివి నువ్వే. నాకు నలభై ఆరేళ్ళు. ఎల్వా గారు నీకు ఏమవుతుందో నువ్వు ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

నీ
లియాన్

*

మూంటా,
11 ఏప్రిల్ 2014

లియాన్‌కి,

నీ ఉత్తరం భూతద్దంతో చదవడానికి ఒక పూట పట్టింది. ఒక్కొక్క అక్షరమే వచ్చి పొడిచింది.

ఏమీ అనలేదు. నువ్వు అడిగినదానికి జవాబు అదే. టీ కప్పు వంక చూస్తూ కూర్చున్నాను.

కంటి ఆపరేషన్ వాయిదా పడింది. ఇంటికి తీసుకెళ్ళే మనిషి లేకపోతే చెయ్యం అన్నారు. ఎవరున్నారని అడిగింది నర్సు. ప్రస్తుతానికి ఎవరూ లేరన్నాను.

ఎల్వా ఈ ఊరొచ్చింది 1972లో. పోస్టాఫీసు పక్క గదిలోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఉండేది, అందులో ఆపరేటరు. మధ్యలో ఒక చిన్న కిటికీ. ఊళ్ళో ఎవరికి ఎక్కడినుంచి ఉత్తరాలొస్తున్నాయో నాకు తెలుసు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తనకి తెలుసు. ఇద్దరం ఒక్క మాట బయటపెట్టలేదు. ఊరందరి గుట్టూ మోసిన ఇద్దరు ఆడవాళ్ళం, మా గుట్టు ఎక్కడ దించుకోవాలో తెలీలేదు. ఈ ఇల్లు కొన్నప్పుడు కాగితాల మీద నా ఒక్కదాని పేరే పెట్టాం. ఇద్దరి పేర్లూ పెడితే ఎందుకని అడుగుతారు కదా. ఎక్స్ఛేంజీ ఎత్తేసినప్పుడు వచ్చిన సొమ్ముతో ఎల్వా ఇంటి కప్పు మార్పించింది. దానికీ ఏ కాగితమూ లేదు.

ఆ రోజుల్లో తనిఖీకొచ్చే అధికారి చెవిన ఒక్క మాట పడితే నా ఉద్యోగం ఊడేది. మా అమ్మ అడిగింది, "గది అద్దెకిచ్చాను" అన్నాను. అబద్ధం మీద ఒకసారి ముద్ర పడితే, అది ఇంటింటికీ బట్వాడా అవుతూనే ఉంటుంది. మీ నాన్న ఒక క్రిస్మస్‌కి "మీ అద్దె మనిషి రాకపోతేనే మేలు" అన్నాడు. నేను పోట్లాడలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను. ఎల్వా ఆ రోజు సముద్రం ఒడ్డున జెట్టీ మీద కూర్చుని, మాంసం, దుంపలు కూరి కాల్చిన పాస్టీ తిందట. నవ్వుతూనే చెప్పింది.

ఉద్యోగం మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు నన్నెవరూ ఏమీ చెయ్యలేరు. అయినా నోరు రాలేదు. అలవాటైపోయింది లియాన్.

నువ్వు పంపిన ఫారం టేబులు మీదే ఉంది. "సొమ్ము పొందే వ్యక్తి పేరు" అన్న చోట లావు పెన్నుతో ఎల్వా పేరు రాశాను. దాని పక్కన "మీకు గల సంబంధం" అని ఒక గడి ఉంది. అక్కడ ఆగిపోయాను.

గ్వెండా అత్త

*

మౌంట్ గాంబియర్,
22 ఏప్రిల్ 2014

అత్తయ్యా,

ఈస్టర్ సోమవారం నారకూర్ట్ వెళ్ళాను. ఇక్కడినుంచి కారులో గంట. నీకు చెప్పకుండా వెళ్ళాను, చెప్తే వద్దంటావని.

ఎల్వా ఆంటీ పెరట్లో క్విన్స్ పళ్ళు కోస్తోంది. నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "కాగితంలో ఏమైనా తప్పు దొర్లిందా?" అని అడిగింది. అక్కడే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. క్షమించమని అడిగాను. ఒక బుట్ట నా చేతిలో పెట్టి, "కింది కొమ్మలు నువ్వు కొయ్యి, నా నడుము వంగడం లేదు" అంది.

సగం బుట్ట నిండాక తనే మొదలుపెట్టింది. ఆవిడ మాటలే రాస్తున్నాను:

"నీ ఉత్తరం వల్ల వచ్చాననుకోకు. నువ్వు మీ అత్తని చూసుకుంటున్నావు, తప్పేముంది? ఖాళీ చెయ్యడం గురించి చదువుతూ ఒకసారి తలెత్తి చూశాను. మీ అత్త టీ కప్పు వంక చూస్తోంది. నలభై రెండేళ్ళు బయటివాళ్ళ ముందు నేను అద్దెదాన్నే, సరే, ఒప్పుకున్నాను. ఆ రోజు వంటింట్లో ఎవరున్నారు? మేమిద్దరమే కదా."

ఏదో ఒకటి మాట్లాడాలని నాకు తెలిసిన గోలే మొదలుపెట్టాను. నువ్వు ఫారంలో తన పేరు రాశావని చెప్పాను. తెల్లబోయింది. నేను మొదట రాసింది కూడా తప్పేనని చెప్పాను. నీకు ఎవరూ లేరనుకుని పన్ను పడుతుందన్నాను. కలిసి కాపురం చేస్తున్న మనిషికి వెళ్తే ఆ నిధి మీద ఒక్క సెంటు కూడా పన్ను లేదు. ఆడా మగా అయినా, ఇద్దరు ఆడవాళ్ళయినా చట్టానికి ఒక్కటే. అలా మారి ఐదారేళ్ళయింది. ఇంటి సంగతి కూడా అంతే. బతికున్నంతకాలం ఆవిడ అందులో ఉండొచ్చని వీలునామాలో రాస్తే, ఎవరూ కదిలించలేరు, ఆవిడ ఉన్నన్నాళ్ళూ పన్ను ఆ గడప తొక్కదు.

ఆవిడ అంతా విని, పండు మీద నూగు తుడుస్తూ, "అంటే నేనెవరో పన్నుల శాఖకి తెలుసు, మీ అత్తకే తెలీదన్న మాట" అంది.

నవ్వాను. ఆవిడా నవ్వింది. తర్వాత ఇద్దరికీ కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

వచ్చేటప్పుడు "అత్తకి ఏమైనా చెప్పమంటారా" అన్నాను. "ఆ కళ్ళతో గ్యాసు పొయ్యి దగ్గర జాగ్రత్తగా ఉండమను" అంది. నిన్ను ఇక్కడికి రమ్మని చెప్పమంటారా అని అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపింది. "అది నువ్వు చెయ్యాల్సిన పని కాదమ్మా."

నాకు తెలిసిన చట్టం ఇంతవరకే అత్తా. మిగతాది నీదే.

నీ
లియాన్

*

మూంటా,
9 మే 2014

లియాన్‌కి,

కూర్చుని చదువు. పెద్ద ఉత్తరం.

ఎల్వాకి ఉత్తరం రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. ముప్ఫై ఆరేళ్ళు ఉత్తరాలతో బతికినదాన్ని, అప్పుడు అర్థమైంది, కొన్నింటికి మనిషే వెళ్ళాలి. పోయిన శుక్రవారం పొద్దున్న బస్సెక్కాను. ఎడిలైడ్‌లో బస్సు మారాలి. బోర్డు మీద అక్షరాలు నాకు కనబడవు కదా, కనబడిన ప్రతివాణ్ణీ "ఇది నారకూర్ట్ బస్సేనా" అని అడిగాను. ఒకతను "నేను డ్రైవర్ని కాదు పెద్దమ్మా, పాప్‌కార్న్ అమ్ముతాను" అన్నాడు. అతనే చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

దారంతా ఏమనాలో పాఠంలా వల్లెవేసుకున్నాను. మర్యాదగా, పద్ధతిగా నాలుగు వాక్యాలు తయారుచేసుకున్నాను. ఓటో ఇంటి తలుపు కొట్టేసరికి అవన్నీ మాయం. తలుపు తీసింది ఓటోయే. ఎనభై ఏళ్ళవాడు, నాకన్నా చెవుడు.

"ఎవరు కావాలండీ?"

"నేను గ్వెండా పాస్కోని. ఎల్వా నాకు..." అని ఆగిపోయాను.

"ఆ? ఏంటీ? గట్టిగా చెప్పండి!"

"ఎల్వా కోసం వచ్చానండీ."

"ఎల్వా ఏంటీ?"

ఇక నాకు ఒళ్ళు మండింది. "ఎల్వా నా మనిషి! తీసుకెళ్ళడానికొచ్చాను!" అని అరిచాను. ఎదురింట్లో గడ్డి కోస్తున్నతను మిషను ఆపేశాడు. లియాన్, నా జన్మలో నేను పెద్దగొంతుతో చెప్పిన మొదటి నిజం అది, చెప్పింది ఒక చెవిటివాడికి.

ఓటో ముఖం విప్పారింది. "ఓ, మా ఎల్వా వాళ్ళ గ్వెనా! అలా చెప్పరేం? రండి రండి, టీ మరుగుతోంది" అన్నాడు. వాళ్ళింట్లో నేను ఎప్పుడూ "ఎల్వా వాళ్ళ గ్వెన్"నేనట. నలభై ఏళ్ళుగా నేనక్కడికి ఒక్కసారీ వెళ్ళలేదు.

వంటింట్లోంచి ఎల్వా గొంతు వినబడింది. "ఏమన్నావ్ గ్వెన్? సరిగా వినబళ్ళేదు, ఇంకోసారి చెప్పు."

వినబడే ఉంటుంది. వీధి చివరివరకూ వినబడింది. అయినా చెప్పాను. ఈసారి దగ్గరికెళ్ళి, మెల్లిగా చెప్పాను. ఆ రోజు టీ కప్పు వంక చూసినందుకు క్షమించమని కూడా అడిగాను. ఆ సంగతి ఉత్తరంలో రాయను.

అంత తేలిగ్గా కరుగుతుందనుకున్నావా? మర్నాడు పొద్దున్న ఓటో ముందే నిలదీసింది. "ఇక్కడ అరిచావు, బాగుంది. ఇక్కడ నిన్నెరిగినవాళ్ళు లేరు. మన ఊళ్ళో?" అంది. "నువ్వు పోస్టాఫీసు దానివి. నీ నోటిమాట నాకొద్దు. రాసి, సాక్షులతో సంతకాలు పెట్టించి పంపు. ఆ సాక్షులు మూంటా వాళ్ళే కావాలి. నీ మేనకోడలు ఉన్న ఊళ్ళోనో, పక్క ఊరు కడీనాలో వకీలు ఆఫీసులోనో ముక్కూ మొహం తెలీని వాళ్ళచేత పెట్టిస్తే ఒప్పుకోను."

సరేనన్నాను. సరేననడం తేలికే. ఫారంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఆదివారం ఇద్దరం కలిసి వచ్చేశాం. ఈ ఉత్తరం నేను రాస్తుంటే పక్కన కూర్చుని, "పాప్‌కార్న్ అతని సంగతి రాశావా?" అంటోంది. నీకోసం క్విన్స్ జామ్ ఆరు సీసాలు కట్టింది. రసీదులు అడుగుతుందట, చూసుకో.

నీ
గ్వెండా అత్త

*

మౌంట్ గాంబియర్,
20 మే 2014

అత్తయ్యా, ఎల్వా ఆంటీ,

ఇక మీ ఇద్దరికీ కలిపే రాస్తాను, చదివేది ఎలాగూ ఆంటీయే కదా. ఆంటీ, రసీదు దెబ్బ బాగానే తగిలింది. వడ్డీతో సహా చెల్లిస్తాను, ఆగస్టులో వచ్చి వారం రోజులుంటాను.

కడీనాలో వకీలు పోల్కింగ్‌హార్న్ గారితో మాట్లాడాను. మంచావిడ, గబగబా మాట్లాడదు. వీలునామా ఆవిడ రాస్తుంది. ఇల్లు ఆంటీ బతికున్నంతకాలం ఆంటీది, ఆ తర్వాత సంగతి మీ ఇద్దరి ఇష్టం. ఇంటి కప్పు మార్పించిన సంగతి కూడా ఆవిడకి చెప్పండి. ఆంటీ కూడా తన వీలునామా రాసుకోవాలి. ఒకరు రాసి ఒకరు మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక నిధి ఫారం సంగతి. ఆ గడిలో రాయడానికి మీకు సరిపోయేవి రెండున్నాయి. ఒకటి, జీవిత భాగస్వామి. రెండోది, ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు ఆసరాగా ఉన్నవాళ్ళు. అక్కాచెల్లెళ్ళు, ముసలి స్నేహితులు ఎవరైనా ఇందులోకి వస్తారు, ఎవరూ ఇంకేమీ అడగరు. రెండింట్లో దేనికీ పన్ను లేదు. కనుక పన్ను కోసమైతే ఏది రాసినా ఒక్కటే. ఏది రాయాలో నేను చెప్పను.

సాక్షులు ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉండాలి, సొమ్ములో వాళ్ళకి వాటా ఉండకూడదు, తేదీ సరిగ్గా వెయ్యాలి. తప్పులు పడితే కొట్టివేతలొద్దు. అందుకే ఈసారి రెండు ఫారాలు పంపుతున్నాను.

కిందటి వారం నేను కూడా నా కాగితాలు తీసి చూసుకున్నాను. నా నిధిలో ఎవరి పేరుందనుకున్నారు? నాన్నది! ఊరందరికీ నీతులు చెప్పే జీతాల గుమస్తాని. అదే రోజు మార్చేశాను.

మీ
లియాన్

*

మూంటా,
13 జూన్ 2014

లియాన్‌కి,

ముందు కన్ను. రెండు వారాల కింద చేశారు. అరగంట కూడా పట్టలేదు. కట్టు విప్పేసరికి ప్రపంచమంతా ఉతికి ఆరేసినట్టుంది. ఎల్వా ముఖం చూసి "నీకిన్ని ముడతలెప్పుడొచ్చాయి" అన్నాను. "నీకు కనబడడం లేదు కదా అని తొందర లేకుండా వచ్చాయి" అంది. ఆస్పత్రి కాగితంలో ఇంటికి తీసుకెళ్ళే మనిషి అన్న చోట తనే సంతకం పెట్టింది. వీలునామాలు రెండూ పోయిన వారం పూర్తయ్యాయి. మా ఇద్దరి తర్వాత ఇల్లు నీకే. వద్దనడానికి నీకు వీల్లేదు, వకీలుకి చెప్పేశాం.

ఇక ఈ రోజు సంగతి.

ఫారం నిన్నే నింపాను. నువ్వు రాసిన ఆ రెండో మాట మంచి మాటే. ఒకరికొకరు ఆసరా. అబద్ధం కూడా కాదు. ఎల్వా అల్లిక పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. చాలాసేపు ఆ మాట వంకే చూశాను. నలభై రెండేళ్ళుగా నేను చెప్తూ వచ్చినవన్నీ ఇలాంటి మాటలే. మరీ అబద్ధం కావు, ఎవరూ ఇంకేమీ అడగరు. పెన్ను తీసి, మొదటిదే రాశాను. జీవిత భాగస్వామి.

పొద్దున్న పది గంటలకి బౌలింగ్ క్లబ్బుకి వెళ్ళాం. అక్కడి కార్యదర్శి నెవిల్ రాడ్డా. పాతికేళ్ళ పాటు ప్రతి సోమవారం నా దగ్గర స్టాంపులు కొన్నవాడు, చర్చిలో నా ముందు వరస. రెండో సాక్షి రొట్టెల కొట్టు ట్రూడీ. పాస్టీలు పొయ్యిలో పెట్టి వచ్చానని గొడవ చేస్తోంది. ఈ ఇద్దరికీ తెలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసినట్టే. అందుకే వీళ్ళని ఎంచుకున్నాను. ఎల్వా బయట బెంచీ మీద కూర్చుంది. "ఇది నువ్వొక్కదానివే చెయ్యి" అంది.

నెవిల్ సంగతి నీకు తెలీదు, చదవకుండా దేని మీదా సంతకం పెట్టడు. కళ్ళజోడు తుడుచుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క వరసే చదవడం మొదలుపెట్టాడు. నా పేరు. నా చిరునామా. ఎల్వా పేరు. వేలు పక్క గడిలోకి వెళ్ళింది. నా కొత్త కన్నుతో ఆ వేలి గోరు కూడా స్పష్టంగా కనబడుతోంది. అక్కడ ఆగినట్టే అనిపించింది. తర్వాత కిందికి దిగింది. చివరిదాకా వెళ్ళి, తలెత్తి, గొంతు సవరించుకున్నాడు.

"గ్వెండా, ఇందులో తప్పుంది."

ఇన్నేళ్ళూ నేను భయపడింది సరిగ్గా ఈ మాటకే. ట్రూడీ నా వంక చూస్తోంది. "ఏం తప్పు?" అన్నాను.

"ఈ రోజు పదమూడో తారీఖు. నువ్వు పన్నెండు వేశావు. మా ముందు సంతకం పెట్టిన రోజే వెయ్యాలి. లేకపోతే వాళ్ళు తిప్పి పంపుతారు. పోస్టాఫీసు నడిపినదానివి, ఆ మాత్రం తెలీదా?"

"ఇంకేం లేదా?" అన్నాను.

"ఇంకేముంటుంది? మిగతాదంతా సరిగానే ఉంది" అన్నాడు.

"అబ్బ, తొందరగా కానివ్వండి. మాడితే ఆ పాస్టీలు మీ ఇద్దరిచేతా తినిపిస్తాను" అంది ట్రూడీ.

రెండో ఫారం తీశాను. వాళ్ళిద్దరి ముందూ మొత్తం మళ్ళీ రాశాను. ఆ గడిలో ఆ మాట కూడా మళ్ళీ రాశాను. వాళ్ళు సంతకాలు పెట్టారు. వెళ్తూ వెళ్తూ ట్రూడీ, "ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రండి. ఇద్దరూ" అంది. ఆ "ఇద్దరూ" అన్నది గుమ్మం దాటాక, వెనక్కి తిరిగి అంది.

బయటికొస్తే ఎల్వా లేచి నుంచుంది. "ఏమన్నారు?"

"తప్పన్నారు."

ఎల్వా క్లబ్బు తలుపు వైపు ఒక అడుగు వేసింది.

"తేదీ తప్పన్నారు."

"అంతేనా?"

"అంతే."

ఎల్వా మళ్ళీ బెంచీ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. నేనూ పక్కన కూర్చున్నాను. "అయితే ఎవరికి తెలీకూడదని దాక్కున్నాం గ్వెన్ ఇన్నాళ్ళూ?" అంది. నాకేం తెలుసు? నెవిల్‌కి ఎప్పటినుంచి తెలుసో, అసలు వీళ్ళందరికీ తెలుసో లేదో, నేను అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా కనబడలేదు.

అక్కడినుంచి నేరుగా పోస్టాఫీసుకి నడిచాం, చేతిలో చెయ్యి వేసుకుని. కవరు నేనే అంటించాను, స్టాంపు నేనే వేశాను. డబ్బాలోకి పెట్టానే గాని చెయ్యి బయటికి తియ్యలేకపోయాను. అలాగే కవరు పట్టుకుని నుంచున్నాను. వెనక ఎవరో పార్సిలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"వదులు గ్వెన్," అంది ఎల్వా. "అది వెళ్ళాలి."

వదిలాను.

ముద్దులతో,
గ్వెండా, ఎల్వా